కొసల తడి

డ్రయ్యర్ కొనుక్కొచ్చిన మర్నాడే సంగీత తన జుట్టు కొసలు పాడుచేసుకుంది.

కోరుట్ల కొత్త బస్టాండు వెనుక సందులో, స్నేహితురాలు నాజియా వాళ్ళ ఇంటి ముందుగదిలో సంగీత చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతోంది. పెద్ద అద్దం, రెండు కుర్చీలు, గుమ్మానికి పూలపూల తెర. అంతవరకు కనుబొమలు తీయడం, కటింగు, మెహందీ, ఇవే పనులు. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడేసరికి వచ్చిన ఆడపిల్లలంతా ఒకటే అడగసాగారు: "అక్కా, సెట్టింగ్ జేస్తవా? జుట్టు ఇడిసిపెట్టుకుంటే కొసలు నున్నగ పడాలె."

అందుకే జగిత్యాల టవర్ దగ్గరి కరెంటు సామాన్ల షాపుకెళ్ళి ఎర్రటి డ్రయ్యర్ తెచ్చుకుంది. ఇంకొకరి తల మీద ప్రయోగాలెందుకని ముందు తన తల మీదే చేసి చూసుకుంది. తలకు పోసుకుని, తువ్వాలతో గట్టిగా రుద్ది, ఇంకా నీళ్ళు కారుతుండగానే వేడి మొత్తం పెట్టి తిప్పింది. ఆరడమైతే చిటికెలో ఆరింది. అద్దంలో చూసుకుంటే పైన జుట్టు బాగానే ఉంది. నడుము దగ్గర కొసలు మాత్రం అరిగిపోయిన చీపురులా చెదిరిపోయి, ఎర్రబారి, దేని దారిన అది నిలబడ్డాయి.

వెనుకగదిలో జాకెట్లు కుట్టే నాజియా మిషన్ ఆపి వచ్చి చూసింది.

"యా అల్లా! ఏంజేసుకున్నవే సంగీతా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

రాజవ్వ నవ్వలేదు. ఆమె సంగీతకు స్వయానా మేనత్త, పైగా అత్తగారు. పొద్దున్నే తలకు పోసుకుని, వాకిట్లో గాలికి వీపు పెట్టి కూర్చుని ఉంది. మెత్తటి పాత గుడ్డతో జుట్టును అద్దుకోవడమే తప్ప రుద్దడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఈ వయసులోనూ ఆమె కొసలు నల్లగా, ఒద్దికగా ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి.

"గాలికి ఆరవెట్టుకుంటే ఏంబాయె బిడ్డా? ముద్దుగ ఉన్న జుట్టును కరెంటు వెట్టి కాల్సుకుంటివి."

"గాలికి ఆరేదాక పెండ్లిపిల్లలు కూసుంటరా అత్తా? నువ్వంటే కూసుంటవ్."

"మరి కాలినంక కూసోని ఏడుస్తర?"

సంగీతకు నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. ఆ సాయంత్రం ముంబై దగ్గరి భివండి నుంచి భర్త ప్రేమ్‌కుమార్ వీడియో కాల్ చేశాడు. ముందు బిడ్డ చందన మాట్లాడింది. చందు అని పిలుస్తారు, రెండో తరగతి. స్కూల్లో జరిగినవన్నీ తండ్రికి అప్పజెప్పి అది ఆటకు పరిగెత్తాక సంగీత ఫోన్ అందుకుంది.

"నవ్వనంటే ఒకటి చూపెడ్త బావా."

ఆయన నవ్వలేదు. ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుని, "కొసలు జర లైటు కిందికి పట్టు," అన్నాడు. కాసేపు చూసి అడిగాడు: "తువ్వాలతోని రుద్దినవా?"

"ఆ."

"నీళ్ళు కారంగనే డ్రయ్యర్ పెట్టినవ్. కిందికెల్లి మీదికి కొట్టినవ్. అవునా?"

"ఎట్లనో కొట్టిన. పోలీసోళ్ళ లెక్క గా అడుగుడేంది?"

"ఇగ ఇను. రుద్దకు, తువ్వాలల వెట్టి ఒత్తు. సగం కన్న ఎక్కువ గాలికే ఆరనియ్యి. గప్పుడు డ్రయ్యర్ పట్టు, జానెడు దూరంల, ఒక్కకాడ ఆపకు. గాలి మీదికెల్లి కిందికి రావాలె. ఎంటిక పండుకున్నట్టు పడ్తది. కొసలు ఆఖరుకు. కొసలల్ల జరంత తడి ఉండంగనే వేడి బంద్ జేసి సల్లగాలి పెట్టు. మొత్తం ఎండగొడితే చచ్చిపోతయ్ అవి."

మర్నాడు నాజియా తల మీద అలాగే చేసింది సంగీత. తువ్వాలలో ఒత్తి, ఇద్దరూ చాయ్ తాగుతూ గాలికి వదిలేసి, ఆ తర్వాత పైనుంచి కిందికి నెమ్మదిగా డ్రయ్యర్ తిప్పింది. నాజియా జుట్టు ఎప్పుడూ ఉంగరాలు ఉంగరాలుగా ఉబ్బి ఉండేది. ఇప్పుడది భుజాల మీదుగా జారి, కొసలన్నీ ఒకే వైపుకు ఒదిగి, కదిలితే మెరుస్తోంది. నాజియా అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది. చున్నీ భుజాల మీదకు జార్చుకుని, చాలాసేపు మిషన్ దగ్గరకు పోలేదు.

"మంచిగ నేర్సుకున్నవే. ఎవ్వరు చెప్పిన్రు?"

"మా బావ."

నాజియా అద్దంలోంచే సంగీత మొహం చూసింది. "సాంచ నడిపేటోనికి ఆడోళ్ళ ఎంటికెల సంగతి గింత ఎట్ల ఎరుకనే?"

ఆ ప్రశ్న ఏదో మాటవరసకు అన్నదే. కానీ సంగీతకు అది పగలంతా చెవిలో పడుతూనే ఉంది.

ప్రేమ్‌కుమార్ పుట్టింది, పెరిగింది సిరిసిల్ల. మరమగ్గాల్ని అక్కడ సాంచలంటారు. వాటి చప్పుడులోనే మాటలు నేర్చాడు, ఆ చప్పుడులోనే పని నేర్చాడు. తెగిన పోగును కళ్ళతో చూడకుండా వేళ్ళతోనే పట్టుకుని ముడివేసేవాడు. పెళ్ళయిన కొత్తలో సంగీత సద్దిగిన్నె పట్టుకుని కార్ఖానాకు పోతే, అంత రొదలోనూ ఆమె గాజుల చప్పుడు గుర్తుపట్టి తల ఎత్తేవాడు. తర్వాత గుడ్డ అమ్ముడుపోక సాంచల యజమానులైన ఆసాములు వాటిని ఆపేశారు. వారంలో సగం రోజులు పని లేదు, తర్వాత అసలే లేదు. వాళ్ళ వాడలో ఒక మగ్గం మనిషి ఉరేసుకున్నాక రాజవ్వ కొడుకును కంటిముందు నుంచి కదలనిచ్చేది కాదు. చివరికి ఆమే, "యాడన్న పని జేస్కొని బతుకుపో కొడుకా," అని భివండి బస్సెక్కించింది. అక్కడ కూడా సిరిసిల్ల వాళ్ళే ఎక్కువ, సాంచల పనే. ఇంటికి తాళం వేసి, అత్తనూ బిడ్డనూ తీసుకుని సంగీత తన పుట్టినూరు కోరుట్లకు వచ్చింది. నాజియా చిన్నప్పటి స్నేహితురాలు. ముందుగది నీకే అని తాళంచెవి చేతిలో పెట్టింది.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. మధ్యలో నోట్లు రద్దయిన రోజుల్లో కొన్ని వారాలు ఆయన ఫోన్ అందలేదు. తర్వాత అంతా మామూలేనని చెప్పాడు. సంగీత నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేమీ లేదు, ఇప్పటిదాకా.

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఈ మధ్య ఆయన చేతి వేళ్ళు తెల్లగా, మెత్తగా కనబడుతున్నాయి. సాంచ పని చేసే చేతికి నూనె మరక పోదు. ఫోన్‌లో వెనుక సాంచల రొద వినబడి ఎన్నాళ్ళైంది? ఒకసారి చందు జడ చూసి, "కుడిదిక్కు కొసలు పొట్టిగున్నయేంది?" అన్నాడు. రోజూ దువ్వే సంగీతకే కనబడని తేడా అది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన మాట్లాడుతుండగా వెనుక నుంచి ఆడగొంతు హిందీలో తొందరపెట్టింది: "ప్రేమ్, జల్దీ ఆవో, మేడం బైఠీ హై!"

"ఎవరు బావా?"

"ఎవ్వరు లేరు. తర్వాత జేస్త," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

సంగీత మళ్ళీ తనే చేసింది. ఆయన ఎత్తగానే, ముందే సిద్ధం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఒక్కటే అడిగింది.

"ఎవ్వరి తల ఆరవెడుతున్నవ్ బావా?"

 "సంగీ..." అన్నాడు ఆయన.  ఫోన్ ఆగిపోయింది.

గుమ్మంలో బీడీలు చుడుతున్న రాజవ్వ అంతా విన్నది. చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "వాడు గసొంటోడు గాదు బిడ్డా," అంది గానీ, ఆ గొంతులో కోడలికి ధైర్యం చెప్పే బలం లేదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు 'పనిల ఉన్న' అన్న మెసేజే వచ్చింది. సంగీత ఎవరి జుట్టు ముట్టుకున్నా, ఆ ఇంకో ఆడమనిషి జుట్టు ఎంత పొడుగుంటుందో, ఆయన దాన్ని ఎలా పట్టుకుంటాడో కళ్ళకు కట్టేది. నాజియా తనను తానే తిట్టుకుంది. "నా నోరు మంచిది గాదు. ఊకె అన్న, నువ్వు మనసుల వెట్టుకుంటివి," అని పక్కనే కూర్చునేది.

ఆదివారం పొద్దున సంగీత ఒక కాలేజీ పిల్లకు కనుబొమలు తీస్తోంది. తెర అవతల ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"సంగీ."

పిల్ల కుర్చీలోంచి చూస్తుండగానే సంగీత చేతిలో దారం తెగిపోయింది. మిగిలిన కనుబొమ ఎలా తీసిందో ఆమెకే తెలియదు. పిల్లను పంపించి తెర తీసేసరికి, ముంబై బస్సు దుమ్ము మొహం మీద అలాగే ఉంచుకుని ప్రేమ్‌కుమార్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"లోపలికి రా."

ఆయన వచ్చి కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో తనను తాను చూడలేక కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఫోన్ల చెప్తే నమ్మవని వచ్చిన. నోట్లు బందయినంక భివండిల గూడ సాంచలు ఆగినయ్ సంగీ. సేటు తాళమేసిండు. ఉన్నోళ్ళం ఉన్నట్టె రోడ్డు మీద పడ్డం. ఠాణేల ఒక లేడీస్ సెలూన్ల ఊడ్వనీకె, తువ్వాలలు ఉతుకనీకె మనిషి గావాలన్నరు. పోయిన."

సంగీత నిలబడే వింటోంది.

"గక్కడ సర్వర్ బీ అని పెద్దామె, మన అవ్వంత ఈడుంటది. ఒకనాడు ఒకామె జుట్టు చిక్కువడితే ఎవ్వరితోని కాలే. నేను తీసిన. పోగులు విడదీసిన చెయ్యి గద. ఆమె చూసి పని నేర్పింది. అప్పటిసంది గదే పని, తలలు కడుగుడు, ఆరవెట్టుడు. నువ్వు ఇన్న గొంతు ఆమెదే."

"గంతేనా?"

"గంతే."

సంగీత రెండో కుర్చీలో కూలబడింది. గుండె మీది బరువు దిగింది. దిగిన చోటే కోపం వచ్చింది.

"ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? సాంచ నడిపే మొగోడు ఆడోళ్ళ తలలు కడుగుతున్నడంటే మనోళ్ళు ఏమంటరు? అవ్వ ఏమనుకుంటది? నువ్వు..."

"నేనా? నేనేం పని జేస్తున్న బావా?" అంది ఆమె. "నేను గదే పని జేస్తున్న గద! నాకు మంచిదే, నీకైతె సిగ్గా? మరి నేను చేసేది గూడ సిగ్గు పనే అనుకుంటున్నవా?"

ఆయన తల దించుకున్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట అలా తనకు తట్టనే లేదు. "లేదు సంగీ," అన్నాడు. "నా తెలివి గంతవరకే పోయింది. తప్పయింది."

ఆమె కళ్ళు తుడుచుకుని, లేచి, జడ విప్పింది. కాలిన కొసలు ముందుకు వేసి చూపింది.

"చూడు. గివి అతుకుతయా?"

ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. కొసల్ని వేళ్ళ మధ్య పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "అతుకవు. సాంచ మీద పోగు తెగితే ముడేస్తం. చీలిన ఎంటికెకు ముడి లేదు, తీసేసుడే. బెత్తెడు పోతది."

"పోనీ."

ఆయన కత్తిరించాడు. తర్వాత తల కడిగాడు. వెనుక బకెట్టు పెట్టి, ఆమె మెడ కింద తన చెయ్యి ఆనించి, చెంబుతో నీళ్ళు పోస్తుంటే, సంగీత కళ్ళు మూసుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన ఆమె తల నిమిరాడు గానీ ఇలా కడగలేదు. వేళ్ళు ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదిలేయాలో ఆ చేతికి తెలుసు. ఎంతమంది తలల మీద నేర్చుకున్నాడో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. అంతలోనే, ఊడ్చే పని నుంచి ఇక్కడిదాకా ఒక్కడే, ఎవరికీ చెప్పుకోలేక వచ్చాడు కదా అనిపించింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా జారి బకెట్టులో కలిశాయి.

తువ్వాలతో ఒత్తాక పాపిట తీసి జుట్టును రెండు చేశాడు. "ఎడమదిక్కు డ్రయ్యర్ వెడ్త. కుడిదిక్కు గాలికే ఉండనియ్. రెండు నువ్వే చూస్కో."

ఎడమవైపు నున్నగా, తిన్నగా జారి, కొసలు లోపలికి ఒదిగాయి. కుడివైపు ఆరడానికి ఎండ నడినెత్తికి వచ్చేదాకా పట్టింది. అంతసేపూ ఇద్దరూ గుమ్మంలో కూర్చుని మాట్లాడుకున్నారు. కుడివైపు జుట్టు మెల్లగా తన వంపులు తాను తెచ్చుకుంది. కాస్త ఉబ్బింది, కొసలు ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తున్నాయి, కానీ మెత్తగా ఉన్నాయి.

అప్పుడే నాజియా వాళ్ళ మేడ మీద ఆట ముగించి వచ్చిన చందు తండ్రి మెడకు వేలాడింది. తల్లిని ఎగాదిగా చూసి తీర్పు చెప్పేసింది: "ఇటుదిక్కు టీవీల అక్క లెక్క ఉన్నవ్. అటుదిక్కు మా అమ్మ లెక్క ఉన్నవ్."

చాలా రోజుల తర్వాత ఆ గదిలో ముగ్గురూ కలిసి నవ్వారు.

రాజవ్వకు చెప్పడమే కష్టమైంది. ఆమె కొడుకు మొహం నిమిరి, అన్నం పెట్టి, అంతా విన్నది. విన్నాక కొడుకు చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"మీ తాత నేసిండు, మీ బాపు నేసిండు," అంది చివరికి. "నేసే చేతులురా ఇవి. ఆడోళ్ళ తలలు కడుగుతున్నవా?"

"ఆకలైతుంటే కడిగిన అవ్వా. ఇప్పుడు మంచిగనిపిస్తున్నది, గందుకె జేస్తున్న."

"మందికేమని చెప్పాలె?"

 ఆయన నూనె సీసా తెచ్చి, "తల ఇటియ్యి, రాస్త," అంటే రాజవ్వ కొంగు తలమీదికి లాక్కుంది. "నా తల నాకు చేతనైతది," అంది. కొడుకును తిట్టలేదు, తినమనడం మానలేదు, కానీ ఎవరైనా వచ్చి, "ఎప్పుడచ్చిండు కొడుకు? భివండిల పని మంచిగున్నదా?" అని అడిగితే లేచి లోపలికి పోయేది.

పది రోజుల్లో తిరిగి పోవాలని వచ్చిన ప్రేమ్‌కుమార్ పోలేదు. ఈ లోగా జగిత్యాలలో ఒక పెళ్ళి పని వచ్చింది. అలాంటి పెద్ద పని సంగీతకు అదే మొదటిది. పెళ్ళి పొద్దున అయిపోతుంది, సాయంత్రం రిసెప్షన్‌కు పెళ్ళికూతుర్ని తయారుచేయాలి. పెళ్ళికూతురు రాజలక్ష్మి, నానమ్మ పేరు పెట్టిన పిల్ల, హైదరాబాదులో ఉద్యోగం. జుట్టు విరబోసుకోవాలని ఆమె కోరిక. సామాన్ల పెట్టె మోయడానికి ప్రేమ్‌కుమార్, చందును చూసుకోవడానికి రాజవ్వ, అందరూ కలిసే బస్సెక్కారు.

ఫంక్షన్ హాలులో పెళ్ళికూతురి గది తలుపు తీసేసరికి రాజలక్ష్మి ఏడుస్తోంది. తొందరపడిన వదినెవరో, తలకు పోసుకున్న వెంటనే తువ్వాలతో రుద్దేసి, డ్రయ్యర్ వేడి మొత్తం పెట్టి ఆరబెట్టేసింది. ఇంతకుముందే స్ట్రెయిటనింగ్ చేయించి అలిసిన జుట్టు. ఇప్పుడు కొసలు కొబ్బరిపీచులా పైకి లేచాయి. సంగీత దువ్వింది, నూనె చుక్క రాసింది, చల్లగాలి పెట్టింది. కొసలు మాట వినలేదు. కింద అప్పుడే పాటలు మొదలయ్యాయి.

ఆమె వరండాలోకి పరిగెత్తింది. "కొసలు లొంగుతలేవు బావా."

"ఎండగొట్టిన్రు గద, గట్లనే ఉంటది. కొసలు మళ్ళ తడి జెయ్యి. మొదటికెల్లి మొదలువెట్టాలె."

"నాతోని గాదు. నువ్వే రా."

గుమ్మంలో పెళ్ళికూతురి తల్లి అడ్డం నిలబడింది. "ఆడోళ్ళ గదిలకు మొగాయననా? సుట్టాలంత ఉన్నరు. ఏమనుకుంటరు?"

ప్రేమ్‌కుమార్ వెనక్కి తగ్గాడు.  లోపల నుంచి పెళ్ళికూతురు, "రానియ్యమ్మా, హైదరాబాదుల అందరు మొగోళ్ళే జేస్తరు," అంటోంది. తల్లి కదలడం లేదు.

బెంచీ మీద చందును ఒడిలో పెట్టుకుని కూర్చున్న రాజవ్వ అప్పుడు లేచింది. కోడలి మొహం చూసింది, కొడుకు వంచిన తల చూసింది.

"వీడు నా కొడుకు, అవ్వా," అంది ఆ తల్లితో. "తలుపులు బార్ల తెరిసి పెట్టున్రి. నేను గూడ లోపలనే నిలవడ్త. నీ బిడ్డ నా బిడ్డ వేరా?"

అంత పెద్దమనిషి అలా అన్నాక ఆ తల్లి పక్కకు జరిగింది.

ప్రేమ్‌కుమార్ లోపలికి వెళ్ళి, ముందు పెళ్ళికూతురికి నమస్కారం పెట్టాడు. "భయపడకు చెల్లె. చీలినయ్ అతుకవు, గవి జరంత తీస్త. తీసినట్టు కనపడది. మిగిలినయ్ పండుకుంటయ్." కొసల్ని తడి చేశాడు. చీలినవి ఏరి ఏరి తీశాడు. కిటికీ తెరిపించి, గాలికి కాసేపు వదిలేశాడు. చుట్టాలు గొణుగుతున్నా తొందరపడలేదు. తర్వాత పాయ పాయ తీసుకుని, దువ్వెన ముందు, డ్రయ్యర్ వెనుక, పైనుంచి కిందికి. కొస దగ్గరకు వచ్చేసరికి వేడి ఆపి, చల్లగాలితో పాయను వేలికి చుట్టి వదిలాడు.

రాజవ్వ తలుపు పక్కన నిలబడి చూస్తోంది. జుట్టును కాదు, కొడుకును. మెడ అంతే వంచాడు, కింది పెదవి అలాగే పళ్ళ కింద పెట్టుకున్నాడు. సాంచ మీద పోగు తెగినప్పుడు వాడు అలాగే ఉండేవాడు, వాడి తండ్రీ అలాగే ఉండేవాడు. ఎంత మంది పిలిచినా అప్పుడు వినబడదు.

జుట్టు వీపంతా పరుచుకుని, కొసలు ఒక్క గీతలా నిలిచాయి. పెళ్ళికూతురు అద్దంలో చూసుకుని, నవ్వి, మళ్ళీ ఏడ్వబోయి, కాటుక గుర్తొచ్చి ఆగింది. అడ్డం నిలబడ్డ తల్లే వచ్చి, "తిని పోవాలె కొడుకా," అంది.

తిరుగు బస్సులో రాజవ్వ కొడుకు పక్కన కూర్చుంది. "ఆ పిల్ల తల ముట్టుకునే ముంగట దండం వెట్టినవేంది?" అని అడిగింది.

"సర్వర్ బీ నేర్పింది. ఎవలైన తల ఇచ్చిన్రంటే నమ్మి ఇచ్చినట్టే అంటది."

"మంచి మనిషే," అంది రాజవ్వ. కొంగు సర్దుకుని, "రేపు నా తలకు నూనె రాయి," అంది.

కొన్నాళ్ళకు సిరిసిల్ల నుంచి పాత ఆసామి ఫోన్ చేశాడు. సర్కారు పంచే చీరల ఆర్డర్లొచ్చాయి, సాంచలు మళ్ళీ తిరుగుతున్నాయి, వస్తావా అని. ఫోన్ పెట్టేశాక ప్రేమ్‌కుమార్ ఆ పూటంతా దువ్వెనలు కడుగుతూ కూర్చున్నాడు. సంగీత కదిలించలేదు. తను పొమ్మన్నా ఆయన పోడు, వద్దన్నా ఉండడు, ఆయన అంతట ఆయనే తేల్చుకోవాలి.

అందరూ కలిసి సిరిసిల్ల వెళ్ళారు. ఆయన ఒక్కడే కార్ఖానాలోకి పోయాడు. చాలాసేపటికి బయటికి వచ్చినప్పుడు భుజం మీద దూది నలకలున్నాయి. సంగీత వాటిని దులిపింది.

"నడిపి చూసిన," అన్నాడు. "చెయ్యి మర్సిపోలే. ఆసామికి దండం వెట్టి, ఇంకొకర్ని చూస్కోమన్న. పని మంచిదే సంగీ. గని గీ పని మళ్ళ ఆగితే నేను మళ్ళ మిమ్ముల ఇడిసి పోవుడే గద. నేను నీతోనే ఉంట. కోరుట్లల ఒక గది ఎక్కువ తీస్కుందాం."

 ఆమె నడుస్తూనే ఆయన చిటికెనవేలు పట్టుకుంది. బజారులో అలా పట్టుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

తాళం వేసిన ఇల్లు తీసి దులుపుతుంటే వాడవాళ్ళంతా పోగయ్యారు. అరుగుల మీద ఆడవాళ్ళు బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకునే పలకరించారు. ఎదురింటి అంజవ్వ అప్పుడే తలకు పోసుకుందేమో, తడి జుట్టు తువ్వాలలో చుట్టుకుని వచ్చింది.

"ప్రేమ్ వచ్చిండా! మళ్ళ సాంచకు వస్తున్నవా కొడుకా? ఇన్నొద్దులు యాడున్నవ్, ఏం పని?"

ప్రేమ్‌కుమార్ తల్లి వైపు చూశాడు. 

"జుట్టు పని జేస్తడు," అంది రాజవ్వ, చీపురు కింద పెట్టి, నడుము నిటారుగా చేసుకుని. "ఆడోళ్ళ జుట్టు. మొన్న జగిత్యాలల పెండ్లిపిల్లను జేస్తే మందంత వచ్చి చూసిన్రు. కోరుట్లల మా కోడలిది పార్లర్. ఇద్దరు కలిసి జేస్తరు."

 ఎవరో కిసుక్కున నవ్వారు. అంజవ్వ ఆ నవ్విన వైపు ఓసారి చూసి, తువ్వాల విప్పి, తడి జుట్టు వీపు మీద వదిలేసి, అరుగు మెట్టు మీద ప్రేమ్‌కుమార్ ముందు వీపు తిప్పి కూర్చుంది.

"అయితె నాది చూడు కొడుకా. కొసలు ఊకె చిట్లుతున్నయ్. ఏంజేయాలె?"

"డ్రయ్యర్ తేలే అవ్వా."

"గాలి లేదా?"

ఆయన నవ్వుతూ మెట్టు మీద కూర్చున్నాడు. సంగీత సంచిలోంచి దువ్వెన తీసి ఆయన చేతికిచ్చి, తను తువ్వాల అందుకుని అంజవ్వ జుట్టు ఒత్తసాగింది. ఇందాక నవ్విన ఆమె చాట పక్కన పెట్టి, జడ ముందుకు వేసుకుని, తన కొసలు తను చూసుకుంటూ దగ్గరకు జరిగింది.

"నా తర్వాతనే నువ్వు," అంది అంజవ్వ వెనక్కి తిరగకుండానే. "లైన్ల కూసో."